నల్లకారు గీతలపై నేను సమర్పించిన నివేదిక

మా తార్నాక అపార్టుమెంటు క్రింద కార్లు నిలిపే చోట ప్రతి ఆదివారం ఒక దృశ్యం తప్పక కనబడుతుంది. పై అంతస్తులలో కాపురముండే యువకులు, చుట్టుప్రక్కల పరిశోధనాలయాలలో గొప్ప గొప్ప పనులు చేసేవారు, ఎండ నడినెత్తికి వచ్చిన తరువాత ఒక పాత బనియను చేతబట్టుకొని క్రిందికి దిగుతారు. వారం రోజుల దుమ్ము పేరుకొన్న కారు మీద ఆ పొడిగుడ్డను గుండ్రంగా, మహోత్సాహంతో త్రిప్పుతారు. నేను చూస్తూ ఊరుకోలేను. "ముందు నీళ్ళు పోయాలి నాయనా, గుడ్డ సంగతి తరువాత" అంటాను. వారు నా పంచెకట్టును చూసి, ఈ పెద్దాయనకు కార్ల సంగతి ఏమి తెలుసునన్నట్టు మర్యాదగా నవ్వుతారు.

నిజమే, కారు నడపడం నాకు ఈనాటికీ రాదు. కాని కారును గీత పడకుండా, నీటి మరక నిలువకుండా కడగడం ఎట్లాగో ఒక గురువు ఎదుట కుర్చీ వేసుకొని కూర్చుండి, కలమూ కాగితమూ పట్టుకొని నేర్చుకొన్నవాణ్ణి. ఆ గురువుకే అంతకు రెండు రోజుల ముందు నేను సంజాయిషీ మెమో ఇచ్చి ఉన్నాను. ఉద్యోగాలలో కొత్తగా చేరినవారికి, ముఖ్యంగా తమ క్రింది వారి తప్పులను విచారించవలసిన కుర్చీలో కూర్చున్నవారికి, ఆ కథ పనికివస్తుందని చెబుతున్నాను.

నేను ప్రాచ్య కళాశాలలో చదువుకొన్నవాణ్ణి. ఏనుగులనూ, గుఱ్ఱాలనూ, రథాలనూ వర్ణించే పద్యాలు వందలకొద్దీ కంఠస్థం చేసినవాణ్ణి. ఆ విద్యతో మా విశ్వవిద్యాలయపు ప్రచురణల విభాగంలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం సంపాదించి, అక్కడే జుట్టు నెరిసిపోయే దాకా ఉన్నాను. చివరి రోజులలో ఆ విభాగంలో పని సన్నగిల్లి, పుస్తకాల గదికి తాళం పడింది. విభాగం పోయినా నేను మిగిలాను. ఖాళీ కుర్చీ ఎక్కడున్నదా అని వెదకిన పరిపాలనా భవనం వారికి వాహన విభాగంలో ఒకటి కనిపించింది. పదవీ విరమణకు ఏడాదిన్నర ఉన్నదనగా నన్ను అక్కడికి సూపరింటెండెంటుగా పంపారు. రథవర్ణనలు చదివినవాడు కనుక ఎట్లాగో నెట్టుకొస్తాడని వారు భావించి ఉండవచ్చు.

వెళ్ళిన మొదటి వారంలోనే, నాకు తెలియని విషయాలను సంస్కరించడానికి పూనుకొన్నాను. టైర్లు దాచే గదికి 'చక్రశాల' అని బోర్డు వ్రాయించాను. డ్రైవరు దాని ముందు కాసేపు నిలబడి, ఇక లోపలికి పోయేటప్పుడు చెప్పులు విడువాలా అని వినయంగా అడిగాడు. అతడు సీతాఫల్‌మండి మనిషి. పర్మనెంటు ఉద్యోగి. నోరు ఊరక ఉండని స్వభావం గలవాడు. ఈ కథలో అతడు ఒక్కసారి మాత్రం నోరు మూసుకొన్నాడు, అది కూడా నోరు విప్పవలసిన సమయంలో.

వాహనాలు కడిగే పని ఒక స్త్రీది. అందరూ ఆమెను అక్క అనే పిలిచేవారు. నలభై అయిదేళ్ళుంటాయి. నల్లగొండ వైపు వ్యవసాయపు ఇంటిలో పుట్టి, పెళ్ళయిన తరువాత పట్నం వచ్చి, అంబర్‌పేటలో ఉంటూ, పొరుగుసేవల ఏజెన్సీ ద్వారా మా షెడ్డుకు వచ్చిన మనిషి. భర్త కట్టడం పనిలో నడుము దెబ్బతిని ఇంట్లో ఉన్నాడు. కూతురు నర్సింగు చదువుతున్నది. ఇల్లు నిలబడి ఉన్నది ఈమె ఉద్యోగం మీద. ఆ ఉద్యోగం నిలబడి ఉన్నదో, ఏజెన్సీ వాని ఒక్క ఫోను మీద. ఈ సంగతి మా షెడ్డులో అందరికీ తెలుసు. నాకూ తెలుసు, కాని ఫైలులో ఉన్న విషయం తెలిసినట్టుగా తెలుసు.

నేను వచ్చిన ఏడాదికి ఉపకులపతిగారికి కొత్త కారు వచ్చింది. అంతకుముందు ఉన్నవన్నీ తెల్లనివి. ఇది కాటుక వంటి నలుపు. షెడ్డులోకి అది వచ్చిన రోజున నా నోట అప్రయత్నంగా ఒక పద్యపాదం వెలువడింది. డ్రైవరు మాత్రం పెదవి విరిచాడు. "తెల్లబండి అబద్ధమాడ్తది సార్, దుమ్మున్నా లేనట్టే ఉంటది. నల్లబండి కచేరిల సాక్షి లెక్క. మొత్తం చెప్పేస్తది" అన్నాడు. సాక్షి ఎవరి మీద చెప్పబోతున్నాడో అప్పటికి నాకు తోచలేదు.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. పుస్తకాన్ని తెరవడానికి ముందు దాని అట్టను ఉత్తరీయపు అంచుతో గుండ్రంగా తుడిచి, ఆ అంచును కళ్ళకద్దుకోవడం మా గురువులు చేసేవారు. నేనూ చేసేవాణ్ణి. ప్రచురణల విభాగంలో ఆ చేతికి రోజుకు పది పుస్తకాలు తగిలేవి. వాహన విభాగంలో పుస్తకాలు లేవు. ఆ చేయి ఊరక ఉండలేక, తనకు యోగ్యమైన వస్తువు కోసం వెదకుకొని, ఆ నల్లకారును ఎన్నుకొన్నది. అక్క ఉదయం ఏడింటికి కారు కడిగిపెట్టేది. తొమ్మిదిన్నరకు అది ఉపకులపతిగారి బంగళాకు వెళ్ళాలి. ఈ లోపల రోడ్డు మీది దుమ్మూ, ఆవరణలో కొత్తగా కడుతున్న హాస్టలు దుమ్మూ సన్నగా దాని మీద వాలేవి. బయలుదేరే ముందు నేను నా గదిలోనుండి వచ్చి, భుజం మీది జరీ అంచు కండువా తీసి, బానెట్టును గుండ్రంగా, తలుపుల పైభాగాలను గుండ్రంగా తుడిచి, అంచును కళ్ళకద్దుకొని, "ఇక బయలుదేరవచ్చు" అనేవాణ్ణి. దానిని శుభ్రపరచడమని నేను ఎన్నడూ అనుకోలేదు. గౌరవించడం అనుకొన్నాను.

ఆ సమయంలో అక్క బకెట్టు పట్టుకొని కదలక మెదలక చూస్తూ ఉండేది. డ్రైవరు షెడ్డు రేకుల కప్పు వైపు చూసేవాడు. వారి మౌనాన్ని నేను భక్తిగా గ్రహించాను.

ఇట్లా మూడు నాలుగు నెలలు గడిచాయి. నా పదవీ విరమణకు రెండు నెలలున్నాయనగా, మైదానంలో ఏదో జెండా కార్యక్రమం జరిగింది. కారును ఎండలో నిలిపారు. ప్రొద్దుటి సూర్యకిరణం బానెట్టు మీద ఏటవాలుగా పడింది. ఉపకులపతిగారి వెంట వచ్చిన మిత్రుడొకాయన దగ్గరికి వెళ్ళి, ఈ కారుకు సాలెపురుగు ఏమైనా పట్టిందా అని అడిగారట. నీడలో అద్దంవలె మెరిసే ఆ నలుపు మీద, ఎండ తగలగానే, సన్నని వలయాలు, వలయాలలో వలయాలు, వందలకొద్దీ బయటపడ్డాయి.

మధ్యాహ్నానికి రిజిస్ట్రారుగారు నన్ను పిలిపించారు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. "పంతులుగారూ, స్నాతకోత్సవానికి ఇంక పన్నెండు రోజులే. ముఖ్య అతిథి ఆ కారులోనే దిగాలె. ఎవరు గీశారో మూడు రోజుల్లో నివేదిక ఇవ్వండి. ఏజెన్సీకి చెప్పి మనిషిని మార్పిస్తాను" అన్నారు. ఎవరో తెలియక ముందే ఆయన మనిషిని మార్చడం దాకా వచ్చారని నేను గమనించలేదు. గమనించకపోవడానికి కారణం, నేనూ ఆ మనిషి దగ్గరికే వచ్చి ఉన్నాను. కారును రోజూ ముట్టుకొనేది ఎవరు? కడిగేవారు. కనుక గీసింది ఎవరు? తర్కశాస్త్రం కూడా కొంత చదివినవాణ్ణి కావడంవల్ల ఈ నిర్ణయానికి రావడానికి నాకు అర నిమిషమైనా పట్టలేదు.

తిరిగి వచ్చి మెమో వ్రాశాను. "మీ శుభ్రతాధీనమునందున్న కృష్ణవర్ణ వాహనము యొక్క ఉపరితలమున వలయాకార రేఖలు పెక్కులు దృగ్గోచరమగుచున్నందున, తద్విషయమై మీ సమాధానమును రెండు దినములలోపల సమర్పింపవలసినది." మెమో చాలా బాగా కుదిరిందని నాకే సంతోషం కలిగింది. అక్కకు చదువు రాదు. డ్రైవరును చదివి వినిపించమన్నాను. అతడు ప్రతి మాట దగ్గరా గతుకుల రోడ్డు మీద బస్సువలె ఊగుతూ పూర్తి చేశాడు.

ఆమె సాంతం విని అడిగింది, "ఇది దీవెననా, తిట్టా సార్?"

నేను తాత్పర్యం చెప్పాను. ఆమె ముఖంలో రంగు మారింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బొడ్డున దోపుకొన్నది. నేను గీకలే సార్ అని మాత్రం అన్నది. మరి ఎవరు అంటే బకెట్టు అందుకొని కుళాయి వైపు వెళ్ళింది. డ్రైవరును పక్కకు పిలిచి అడిగాను. రోజంతా ఊరి సంగతులన్నీ చెప్పే మనిషి, "నాకేం తెల్సు సార్, నేను లోపట కూసుంట. గీతలు బయట ఉంటయి" అని తేల్చివేశాడు.

సాయంత్రం నేను ఇంటికి బయలుదేరుతూ ఉంటే అక్క ఎదురుగా వచ్చి నిలబడింది. "ఎల్లుండి పొద్దుగాల్ల జర జల్ది రాండ్రి సార్. నేనెట్ల కడుగుతనో కూసోని సూడుండ్రి. షురూ నుంచి బండి గేటు దాటేదాకా ఉండాలె, నడుమల లేచిపోవద్దు. గా తర్వాత ఏం రాసుకుంటరో మీ ఇష్టం" అన్నది. విచారణాధికారిగా ఇది నాకు సమంజసంగానే తోచింది. నేరస్థుడే నేరాన్ని అభినయించి చూపుతానంటే కాదనేదెందుకు?

ఆమె చెప్పిన రోజున ఏడు కాకముందే షెడ్డు ముందర కుర్చీ వేయించుకొని, నోటుపుస్తకం విప్పి కూర్చున్నాను. కారును ఆమె నీడలోకి జరిపించింది. ఎండలో కడిగితే నీళ్ళు అక్కడికక్కడే ఆరిపోయి తెల్ల మచ్చలు పడతాయట. రెండు బకెట్లు పెట్టింది. ఒకదానిలో కారు సబ్బు కలిపిన నీళ్ళు, మరొకదానిలో ఉత్త నీళ్ళు. రెండవదాని అడుగున ప్లాస్టిక్ జల్లిగిన్నె ఒకటి బోర్లించింది. అది ఎందుకన్నాను. గుడ్డకు అంటిన ఇసుక దాని రంధ్రాలలోనుండి జారి అడుగున పడుతుందని, గుడ్డ మరల అడుగు దాకా పోదని, పోతే ఆ ఇసుకనే తెచ్చి కారుకు పూసినట్టవుతుందని చెప్పింది. నేను వ్రాసుకొన్నాను.

మొదట గుడ్డ ముట్టనే లేదు. పైపుతో పైకప్పు నుండి క్రిందికి నీళ్ళు వదలి, దుమ్మును దానంతట అది జారిపోనిచ్చింది. తరువాత మెత్తని గుడ్డను సబ్బునీటిలో ముంచి, పైకప్పు మొదలుకొని, బరువు పెట్టకుండా, తిన్నగా ముందుకూ వెనుకకూ లాగింది. ఒక్కొక్క పలక కాగానే గుడ్డను రెండవ బకెట్టులో జాడించింది. చక్రాలకు వేరే గుడ్డ, అది కూడా చిట్టచివర. మధ్యలో ఒకసారి గుడ్డ చేయి జారి నేల మీద పడింది. ఆమె దానిని తీసి అవతల పారేసి, కొత్తది తీసుకొన్నది. దులిపి వాడుకోవచ్చు కదా అన్నాను. ఆమె నన్ను చూసిన చూపును నోటుపుస్తకంలో ఎట్లా వ్రాయాలో తెలియక వదలివేశాను.

ఇంత నైపుణ్యం ఎక్కడిదని అడిగితే, ఊళ్ళో పుట్టింట ఏడు బర్రెలను కడిగిన చేయి అని చెప్పింది. "మట్టి నాననియ్యకుండ రుద్దితే బర్రె ఊకుంటదా సార్? తన్నుతది. కారు తన్నదు, గంతే ఫరక్. గందుకే మనమే భయపడాలె."

ఇక నీళ్ళ సంగతి. మా ఆవరణలోని బోరు నీటిలో సున్నం ఎక్కువ. ఆ నీరు ఆరితే నల్లకారు మీద ముగ్గుపిండి చల్లినట్టుంటుంది. అందువల్ల ఆఖరి జాడింపుకు ఆమె వేరే నీళ్ళు దాచుకొనేది. కంప్యూటర్ల భవనం వెనుక ఏసీ యంత్రాల గొట్టాల క్రింద డబ్బాలు పెట్టి, చుక్క చుక్కగా రాలే నీటిని పట్టుకొని వచ్చేది. ఆ నీరు ఆరినా మరక నిలువదట. ఈ నీటి కోసం గ్రంథాలయపు అటెండరుకూ ఆమెకూ ఒక యేడాదిగా శీతల యుద్ధం నడుస్తున్నదని, అతడు ఇన్వర్టరు బ్యాటరీలలో పోయడానికి ఆ డబ్బాలను ముందే వచ్చి ఎత్తుకొనిపోతాడని, ఆమె అంతకంటె ముందు వస్తుందని, ఈ పందెంలో ఇద్దరూ తెల్లవారకముందే ఉద్యోగానికి హాజరవుతున్నారని ఆ రోజే తెలిసింది. హాజరుపట్టీలో ఆమె సమయపాలనను మెచ్చుకొంటూ నేను అంతకుముందు ఒక వాక్యం వ్రాసి ఉన్నాను.

ఆ నీటితో జాడించి, పెద్ద మెత్తని తువ్వాలును కారు మీద పరచి, రుద్దకుండా అద్దింది. నీరంతా తువ్వాలులోకి పోయింది. నేను లేచి చుట్టూ తిరిగి చూశాను. ఒక్క చుక్క లేదు. నా ముఖం అందులో కనబడింది, కళ్ళద్దాలకు కట్టిన దారంతో సహా. పాత వలయాలు నీడలో కనబడలేదు, ఆమె చేయి కొత్తవి వేయనూ లేదు. గుండ్రంగా త్రిప్పనే త్రిప్పని చేయి వలయాలు ఎట్లా వేస్తుంది? నోటుపుస్తకం మూసి లేవబోయాను.

"గేటు దాటేదాక అన్న గద సార్" అన్నది ఆమె. కూర్చున్నాను. టీ తెప్పించింది. తొమ్మిదిన్నర అయింది. డ్రైవరు వచ్చి బండిలో కూర్చున్నాడు. హాస్టలు కట్టేచోటి నుండి గాలి వీచి, సన్నని దుమ్ము పొర ఒకటి కారు మీద వాలింది. నేను లేచాను. నా మనస్సు ఇంకా నివేదికలోని మొదటి వాక్యాన్ని కూర్చుకొంటున్నది. నా చేయి మాత్రం దాని పని అది చేసుకొనిపోయింది. కండువా తీసింది. జరీ అంచు పట్టుకొన్నది. బానెట్టు మీద ఒక చుట్టు చుట్టి, రెండవది సగం చుట్టింది.

"ఇగో సార్" అన్నది అక్క. గట్టిగా కాదు. "చెయ్యి జర గట్లనే ఉంచుండ్రి. తమ్మీ, బండి మెల్లగ ఎండలకు తీయి."

బండి కదిలింది. చేయి అట్లాగే ఉంచమన్నది కనుక, నేనూ దానితోపాటు నాలుగడుగులు నడిచాను. ఊరేగింపులో ఏనుగు కుంభస్థలం మీద చేయి వేసి నడిచే మావటివానివలె ఉన్నానని తరువాత డ్రైవరు పదిమందికి వర్ణించాడట. ఎండ బానెట్టు మీద పడింది. నా చేతి క్రింద, నా కండువా క్రింద, ఆ వలయాలు. నా అరచేయి ఎంత చుట్టు తిరుగుతుందో అంతంత వలయాలు. బానెట్టు మీద నా చేయి అందినంత మేర, ముందు తలుపుల పైభాగాన, అంతే. పైకప్పు మీద ఒక్కటీ లేదు. నేను పొట్టివాణ్ణి. వెనుక భాగాన ఒక్కటీ లేదు. అటు నేను పోను.

ఆమె నా చేతిలోని కండువా తీసుకొని, తన స్టీలు టిఫిన్ డబ్బా మూత మీద అంచును ఒకసారి రుద్దింది. గీత పడింది. "జరీ సార్. తీగె. దుమ్ము మీద తీగె తిప్పితే ఏమయితది?" అన్నది.

 ఈ సంగతి నీకు ఎప్పటి నుండి తెలుసునని అడిగాను. మొదటి నెల నుండే అన్నది. డ్రైవరు కిటికీ దించి, నాకు గూడ సార్ అన్నాడు. మరి చెప్పలేదేమని అతణ్ణి గద్దించబోయాను. అతడు నిజంగానే ఇబ్బందిపడుతూ, "మీరు కండ్లకద్దుకుంటుంటిరి సార్. దేవుని దగ్గర ఎట్ల అడ్డమొస్తం?" అన్నాడు.

ఆమె వైపు తిరిగాను.

"చెప్తె మెమో ఇస్తరనుకున్న సార్" అన్నది. "చెప్పకున్నా ఇస్తిరి."

నా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకొన్నాను. ఆ సాయంత్రానికి నివేదిక ఇవ్వాలి. ఇంక రెండు నెలలలో పదవీ విరమణ. అన్నేళ్ళ సర్వీసు రిజిస్టరులో ఒక్క మచ్చ లేదు. పిల్లలారా, ఇక్కడ నేను చేసిన పని చెప్పడానికి ఈనాటికీ సిగ్గుపడుతున్నాను. నిజం వ్రాయలేదు. అబద్ధమూ వ్రాయలేదు. ఈ రెండింటికీ మధ్య సంస్కృత సమాసాలు నిండిన విశాలమైన మైదానం ఒకటి ఉన్నది. జీవితమంతా ఇతరుల వాక్యాలను దిద్దినవానికి ఆ మైదానంలో ప్రతి మూలా తెలుసు. "ధూళిధూసరిత వాతావరణమువలనను, వస్త్రస్పర్శాదికారణములవలనను, కాలక్రమమున వాహనోపరితలమున రేఖలేర్పడినట్లు తెలియవచ్చుచున్నది" అని వ్రాశాను. ఏర్పడినట్లు. తెలియవచ్చుచున్నది. ఆ వాక్యంలో కర్త లేడు. ఎవరూ ఏమీ చేయలేదు. గీతలు వాటంతట అవి, వానాకాలంలో పుట్టగొడుగులవలె, మొలిచాయి. ఎవరికీ నష్టం లేదు కదా అని నన్ను నేను సమాధానపరచుకొన్నాను. ఒక విధంగా ఆమెను కూడా కాపాడినట్టే అనుకొన్నాను.

ఫైలు పట్టుకొని బయటికి వస్తే ఆమె గుడ్డలు ఆరవేస్తున్నది. ఏం రాసిండ్రు సార్ అని అడిగింది. చదివి వినిపించాను. 

"ఇండ్ల నా పేరున్నదా?"

లేదన్నాను.

"మీ పేరున్నదా?"

అదీ లేదన్నాను. ఎవరి పేరూ లేదమ్మా అని కొంత గర్వంగానే అన్నాను.

ఆమె తడిగుడ్డను తీగ మీద పరచి, ముడత సరిచేసి, అప్పుడు ఇటు తిరిగింది. "ఎవ్వలి పేరు లేకపోతే నా పేరే అన్నట్టు సార్. ఏజెన్సోనికి ఒక పేరు గావాలె. కాయితంల లేకుంటే ఆడికి యాదికొచ్చేది నేనే."

ఆమె గొంతులో కోపం లేదు. రేపటి బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. నేను అన్నేళ్ళలో ఎందరో పండితుల వ్రాతలను దిద్దాను. నా వ్రాతను అంత సూటిగా దిద్దినవారు ఆమె తప్ప మరొకరు లేరు. వెనుకకు వెళ్ళి, ఆ కాగితాన్ని చింపి, కొత్త కాగితం తీశాను. ఈసారి చిత్రంగా సమాసాలు రాలేదు.

పరిపాలనా భవనానికి వెళ్ళేసరికి రిజిస్ట్రారుగారి బల్ల మీద ఏజెన్సీకి పంపవలసిన ఉత్తరం అచ్చయి, సంతకం కోసం సిద్ధంగా ఉన్నది. వచ్చే నెల మొదటి తారీఖు నుండి ఆమె స్థానంలో వేరొకరిని పంపవలసినదని. నేను నా కాగితం ఇచ్చాను. ఆయనకు నా నివేదికలను చదవడానికి ముందు కళ్ళద్దాలు తుడుచుకొని, నీళ్ళు త్రాగి సిద్ధపడడం అలవాటు. ఆ రోజూ అట్లాగే సిద్ధపడి కాగితం విప్పారు. నాలుగు వాక్యాలే ఉన్నాయి. రెండు సార్లు చదివారు.

"మీరా?" అన్నారు.

"నేనేనండి."

"కండువాతోనా?"

ఎట్లాగో చూపమన్నారు. నేను కండువా తీసి, ఆయన బల్ల మీది అద్దంపై గుండ్రంగా ఒక చుట్టు చుట్టి చూపబోయాను. ఆయన ఆ ప్రక్కనే ఉన్న కొత్త సెల్‌ఫోనును చప్పున ఎత్తి జేబులో వేసుకొన్నారు. నివేదికను ఆయన నమ్మారని నాకు అప్పుడు ధైర్యం వచ్చింది.

కాని ఆయన వెంటనే ఒప్పుకోలేదు. కుర్చీలో వెనుకకు వాలి, మీరు పెద్దవారు, రెండు నెలలలో వెళ్ళిపోతున్నారు, ఈ వయస్సులో మీ రిజిస్టరులో మచ్చ ఎందుకు, ఆమె కాకపోతే ఏజెన్సీ ఇంకొకరిని పంపుతుంది, ఆమెకు ఇంకెక్కడో పని దొరుకుతుంది అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నా మీద దయతోనే అన్నారు. దయ ఎటువైపు ప్రవహిస్తున్నదో ఆ క్షణాన నాకు స్పష్టంగా కనబడింది. అది నా వైపే వస్తున్నది. ఆ షెడ్డులో గుడ్డలు ఆరవేసే మనిషి దాకా పోవడం లేదు. నిజం చెప్పాలంటే, ఒక నిమిషంపాటు ఆ దయలో తడిసి ఊరుకొందామనిపించింది కూడా.

"గీసింది నేనండి" అన్నాను మళ్ళీ. 

 ఆయన బల్ల మీది ఉత్తరాన్ని మధ్యకు మడిచి, చెత్తబుట్టలో వేశారు. తరువాత నిబంధన నిబంధనే కనుక, అజాగ్రత్తకు మందలించడమైనదని నా సర్వీసు రిజిస్టరులో వ్రాయించారు. ఆ వాక్యంలో ఒక అచ్చుతప్పు పడింది. దిద్దుకొంటానని అడిగే సాహసం లేక వదలివేశాను.

తార్నాకలో కార్లకు మెరుగుపెట్టే దుకాణం వారు రెండు రోజులు శ్రమించి ఆ వలయాలను మాన్పారు. కారు తిరిగి వచ్చిన రోజున అక్క నా గదికి వచ్చింది. బొడ్డున దోపుకొన్న పాత మెమో తీసి నా బల్ల మీద పెట్టి, ఇది వాపసు తీసుకొని ఇంకొకటి రాసియ్యండ్రి అన్నది. ఏమని వ్రాయాలన్నాను. ఈ బండిని తాను తప్ప ఎవ్వరూ ముట్టుకోవద్దని, చదివినోనికి ఒక్క తాపకే సమజయ్యేటట్టు రాయమన్నది. మీరు గూడ సార్ అని ఆగి, ఇంకా పెద్దోళ్ళు గూడ అని చేర్చింది. నేను వ్రాశాను: "ఈ కారును అక్క తప్ప ఎవరూ తుడవకూడదు, ముట్టుకోకూడదు." సంతకం చేసి, ముద్ర వేశాను. నా ఉద్యోగ జీవితంలో నేను జారీ చేసిన ఉత్తర్వులన్నిటిలో డ్రైవరు ఎక్కడా తడబడకుండా చదివినది అదొక్కటే. ఆమె దానిని షెడ్డు గోడకు అంటించింది.

స్నాతకోత్సవం నాడు బయలుదేరే ముందు ఫోటో తీయాలన్నారు. ఉపకులపతిగారూ, డీన్లూ అందరూ రంగురంగుల గౌనులతో మా షెడ్డు ముందరే చేరారు. ముఖ్య అతిథి కోసం కారు నల్లని అద్దంవలె నిలిచి ఉన్నది. ఫోటోగ్రాఫరు, కొంచెం కారుకు ఆనుకొనండి సార్ అన్నాడు. ఉపకులపతిగారు చేయి చాపారు. ఆ గౌను చేతులకు జరీ పని ఉన్నది.

"సార్, చెయ్యి" అన్నది అక్క.

అందరూ అటు తిరిగారు. ఆమె బెదరలేదు. గోడ వైపు చూపింది. ఉపకులపతిగారు రెండడుగులు వేసి ఆ కాగితం చదివారు. క్రింద నా సంతకం చదివారు. వెనుదిరిగి, గుంపులో నన్ను వెదకి పట్టుకొని, ఇంత సూటిగా మీరు ఎప్పటి నుండి వ్రాస్తున్నారని అడిగారు. పోయిన వారం నుండి అని చెప్పాను. ఆయన తల ఊపి, గౌను చేతులు రెండూ కూడదీసి ఎదకు హత్తుకొని, కారుకు ఒక గజం దూరంగా జరిగి నిలబడ్డారు. ఆయన జరిగారు కనుక డీన్లూ జరిగారు. రిజిస్ట్రారుగారు రెండు గజాలు జరిగారు. అప్పుడే అతిథిగృహం నుండి నడిచి వచ్చిన ముఖ్య అతిథి, ఇది ఇక్కడి సంప్రదాయం కాబోలుననుకొని, ఎవరూ చెప్పకుండానే తానూ చేతులు కట్టుకొని దూరంగా నిలిచారు.

ఆ ఫోటో ప్రతి ఒకటి నా దగ్గర ఉన్నది. మధ్యలో కారు. దానికి ఇరువైపులా పరీక్షహాలు బయట పిలుపు కోసం ఎదురుచూసే విద్యార్థులవలె విశ్వవిద్యాలయపు పెద్దలందరూ బిగుసుకొని నిలబడి ఉంటారు. చివరన నేనూ ఉన్నాను, రెండు చేతులూ వెనుకకు కట్టుకొని. వెనుక తలుపు దగ్గర, చీర కొంగు నడుముకు దోపుకొని, ఫోటో తీస్తున్నారన్న ధ్యాసే లేకుండా అక్క దేనినో పరీక్షగా చూస్తూ ఉంటుంది. ఆ గుంపు మొత్తంలో కారు మీద చేయి వేసి నిలబడినది ఆమె ఒక్కతే.